దేవభాషను వంటింటికి తెచ్చినవాడు: ఎలియేజర్ బెన్ యెహూదా

ముంబయి సి.ఎస్.ఎం.టి. నుండి బయలుదేరిన లోకలు బండి మొదట ఆగే స్టేషను మస్జిద్. అది ఏదో మసీదు పేరుమీద వెలసినదని అందరూ అనుకుంటారు. కాని ఆ దగ్గరలోనే 1796లో కట్టిన యూదుల ప్రార్థనామందిరం ఒకటి ఉన్నదనీ, పూర్వం జనం దానిని పాత మసీదు అని పిలిచేవారనీ, ఆ పేరే స్టేషనుకు అంటుకొన్నదనీ పెద్దలు చెప్పుతారు. ఆ మందిరాన్ని కట్టిన బెనె ఇస్రాయేలులు కొంకణతీరంలో తరతరాలుగా స్థిరపడినవారు. ఇంట్లో మరాఠీ, దేవుని యెదుట హీబ్రూ, ఇదీ వారి వాడుక. మన గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదుమతం పాటించే బెనె ఎఫ్రయీం అనే చిన్న సమాజం ఉన్నది. వారికి కూడా ప్రార్థనకు హీబ్రూయే.

ఇట్లు ప్రార్థనకు ఒకటి, పప్పూ ఉప్పూ అడగడానికి ఒకటిగా రెండు భాషలు పెట్టుకొని యూదులు దాదాపు పదిహేడు వందల సంవత్సరాలు గడిపారు. మొదటిదానిని రెండవదాని చోటికి తీసుకొనివచ్చి కూర్చుండబెట్టాలని పట్టుపట్టిన ఒక మొండి మనిషి కథ ఈ ఉగాది సంచికలో మన వాళ్ళకు చెప్పాలని మాకు తోచింది. సొంత ఊరు విడిచి వచ్చి, పిల్లల నోట ఏ భాష నిలుస్తుందా అని బెంగపడే మనవంటివారికి ఆ కథ కొత్తగా ఉండదు.

ముందుగా, ఆ భాషకు యూదులు ఇచ్చిన స్థానం ఎట్టిదో తెలిస్తేనేగాని ఆయన చేసిన పని కొందరికి ఎందుకు అపచారంగా తోచిందో బోధపడదు. హీబ్రూను వారు లషోన్ హకోదెష్ అంటారు. పవిత్రభాష అని అర్థం. దేవుడు ఈ లోకాన్ని ఆ భాషలో పలికే సృష్టించాడని వారి ప్రాచీన వ్యాఖ్యాతల మతం. పురుషునికి ఈష్ అనీ, స్త్రీకి ఇష్షా అనీ ఆ భాషలో పేర్లు. ఒకదానినుండి ఒకటి పుట్టిన ఈ జంటమాటలనే వారు అందుకు నిదర్శనంగా చూపారు. సేఫర్ యెత్సీరా అనే పురాతన గ్రంథమైతే ఆ భాషలోని ఇరవైరెండు అక్షరాలతోనే సృష్టి జరిగిందని చెప్పింది. తోరాలో 3,04,805 అక్షరాలు ఉన్నట్లు లెక్క. చర్మపత్రంమీద ఈకకలంతో వ్రాసే లేఖకుడు అందులో ఒక్క అక్షరం విడిచినా, దిద్దేవరకు ఆ చుట్ట పారాయణకు పనికిరాదు. దైవనామం ఉన్న కాగితం చిరిగిపోయినా పారవెయ్యరు. గెనీజా అనే చోట దాచి, పిమ్మట భూమిలో పాతిపెడతారు. కైరోలో అట్టి గది ఒకదానినుండి 1896–97లో సొలొమన్ షెక్టర్ అనే పండితుడు లక్షకు పైగా కాగితపు ముక్కలు కేంబ్రిడ్జికి తరలించాడు. వాటిలో ప్రార్థనలే కాదు, వ్యాపారపు ఉత్తరాలూ, పెళ్ళి ఒడంబడికలూ, పిల్లలు అక్షరాలు దిద్దుకొన్న పుటలూ ఉన్నవి.

ఈ పవిత్రత ఎక్కడిది అన్న ప్రశ్నమీద వారి పెద్దలే ఏకీభవించలేదు. 12వ శతాబ్దపు మైమోనిడీసు ఆ భాషలో బూతుమాటలు లేవనీ, సిగ్గుపడవలసిన అవయవాలను కూడా చాటుమాటలతోనే చెపుతుందనీ, అందువల్ల అది పవిత్రమనీ అన్నాడు. 13వ శతాబ్దపు నాహ్మనిడీసు అది చాలదన్నాడు. దేవుడు తన ప్రవక్తలతో మాట్లాడిన భాష అది, ధర్మం చెప్పిన భాష అది, అందుచేత పవిత్రం అని ఆయన వాదం. మొదటివాని మాట ప్రకారం మనుష్యులు ఆ భాషను శుభ్రంగా వాడినంతకాలం దాని గౌరవం నిలుస్తుంది. రెండవవాని మాట ప్రకారం మనుష్యుల వాడుకతో దానికి పనే లేదు. మన కథలో తర్వాత వచ్చిన తగవంతా ఇందులోనే ఉన్నదని మేము అనుకొంటాము.

హీబ్రూ చచ్చిపోయిన భాష అని కొందరు వ్రాస్తారు. అది సరికాదు. పండితులు తీర్పులు వ్రాసినది ఆ భాషలోనే; దూరదేశాల వర్తకులలో కొందరు ఒకరికొకరు ఉత్తరాలు వ్రాసుకొన్నదీ అందులోనే. 19వ శతాబ్దం నడిమికి వార్తాపత్రికలూ, నవలలూ కూడా వచ్చాయి. లేనిదల్లా ఒకటే: ఆ భాషలో అన్నం అడిగే పసిబిడ్డ. తూర్పు ఐరోపా యూదులు ఇద్దిష్ మాట్లాడేవారు. దానిని తల్లిభాష అనేవారు కూడాను. ఆడపిల్లలకు హీబ్రూ చెప్పించడం అరుదు కాబట్టి ఆ పేరు తగినదే.

ఎలియేజర్ 1858వ సంవత్సరం జనవరి 7న లుజ్కి అనే చిన్న ఊళ్ళో జన్మించాడు. అది ఆనాడు రష్యా చక్రవర్తి ఏలుబడిలోని విల్నా మండలం. నేడు బెలరూసు దేశంలో ఉన్నది. ఇంటిపేరు పెర్ల్‌మన్. తండ్రి యెహూదా లైబ్ కొడుకు చిన్నవాడుగా ఉన్నప్పుడే పోయాడు. పిల్లవాణ్ణి మతగురువును చెయ్యాలని పెద్దల కోరిక. పోలోత్స్క్ పట్టణంలోని పాఠశాలకు పంపారు. అక్కడి గురువు పైకి పరమ ఆచారపరుడు, లోపల కొత్తచదువుల మీద మక్కువ గలవాడు. అతడు శిష్యునికి హీబ్రూ వ్యాకరణం చెప్పి, రహస్యంగా రాబిన్సన్ క్రూసో కథకు హీబ్రూ అనువాదం చేతికిచ్చాడు. దీవిలో చిక్కుపడిన నావికుడు మేకలు కాచుకోవడం, గుడిసె వేసుకోవడం పవిత్రభాషలో చదివేసరికి ఆ కుర్రవానికి కొత్తలోకం కనబడినది. దేవుని సంగతులేకాక మేకల సంగతులూ ఈ భాషలో చెప్పవచ్చునన్నమాట! ఇట్టి పుస్తకాలు చదువుతున్నాడని తెలిసి మేనమామ ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు.

గ్లుబోకొయె అనే ఊళ్ళో యోనస్ అనే సహృదయుడు అతనిని చేరదీశాడు. ఆయన పెద్దకూతురు దెబోరా ఇతనికంటె కొంచెం పెద్దది. రష్యన్, ఫ్రెంచి, జర్మను భాషలు ఆమెయే నేర్పినది. తర్వాత ఇతడు ద్వీన్స్క్‌లోని హైస్కూలులో చేరి 1877లో చదువు ముగించాడు. ఆ సంవత్సరమే రష్యాకు తురుష్కులతో యుద్ధం వచ్చింది. బల్గేరియా ప్రజలు స్వాతంత్ర్యానికి పోరాడుతున్నారని పత్రికలనిండా వార్తలు. బల్గేరియనులకు దేశమూ, భాషా ఉండగా తనవాళ్ళకు ఎందుకు ఉండరాదన్న ఆలోచన అప్పుడే పుట్టినదని ఆయన తన జీవితకథలో వ్రాసుకొన్నాడు. వైద్యం చదవాలని 1878లో పారిసు చేరాడు. అక్కడ క్షయరోగం పట్టుకొన్నది. రక్తం కక్కుతూ కూడా 1879లో ఒక వ్యాసం వ్రాసి వియన్నాలోని హషాహర్ పత్రికకు పంపాడు. యూదులు తమ పూర్వుల దేశంలో చేరి మళ్ళీ ఒక జాతిగా నిలవాలని దాని సారాంశం. దాని క్రింద ఇంటిపేరు వదలి బెన్ యెహూదా, అంటే యెహూదా కొడుకు, అని సంతకం చేశాడు.

పారిసు చలికి తాళలేక వైద్యుల సలహామీద అల్జీరియా వెళ్ళాడు. అల్జీర్సు నగరంలోని యూదులకు ఇద్దిష్ రాదు, ఈయనకు వారి అరబ్బీ రాదు. ఇద్దరికీ కామన్‌గా ఉన్నది ప్రార్థనల హీబ్రూ ఒక్కటే. దానితోనే మాట్లాడుకొన్నారు, పని జరిగింది. వారి ఉచ్చారణ ఈయన ఊరి ఉచ్చారణ కాదు. ఈయన ఊళ్ళో షబ్బోస్ అన్నదానిని వారు షబ్బాత్ అంటారు. ఆ ఉచ్చారణే ఈయన మనస్సుకు హత్తుకొన్నది. నేటి హీబ్రూలో షబ్బాత్ అనే అంటారు. తెలంగాణం, కోస్తా, రాయలసీమ యాసలు ఒకే చాలులో వినిపించే మన వాడలలో ఇట్టి తగవులు ఎంత దూరం పోతాయో చెప్పనక్కరలేదు!

1881లో దెబోరాను వివాహమాడి, ఆ ఏడే ఆమెతో జాఫా రేవులో దిగాడు. ఇకమీదట మన ఇంట్లో హీబ్రూ తప్ప మరొకమాట వినబడగూడదని భార్యకు చెప్పాడు. దెబోరాకు నాలుగైదు భాషలు వచ్చును గాని హీబ్రూ అంతంత మాత్రమే. బజారు, వంట, కష్టం, సుఖం, అన్నీ రాని భాషలోనే చెప్పుకోవాలి. చక్కెరకో, చెంచాకో మాట గుర్తు రాకపోతే చేత్తో చూపించుకోవలసినదే. రోగిష్టి భర్త, చాలీచాలని జీతం, కొత్త దేశం. వాటికి తోడు ఇది.

1882లో కుమారుడు పుట్టాడు. బెన్ సియోన్ అని పేరు పెట్టారు. పెద్దయిన తర్వాత ఇతమార్ బెన్ అవీ అన్న పేరుతో పత్రికారచయితగా ప్రసిద్ధి పొందినవాడు ఇతడే. పుట్టినది మొదలు హీబ్రూయే వింటూ పెరిగిన శిశువు శతాబ్దాల తర్వాత ఇతడేనని చెప్పుతారు. తండ్రి ఆ బిడ్డ చెవిని అన్యభాష పడగూడదని కాపలా కాశాడు. వేరే భాష మాట్లాడే చుట్టాలు వస్తే లోపలి గదిలోకి పంపేవాడు. తోడి పిల్లలతో ఆడుకోనివ్వలేదు. ఆడుకోవడానికి హీబ్రూ వచ్చిన పిల్లలు లేరుకదా. ఏండ్లు గడిచినా వానికి మాటలు రాలేదు. మూగవాడవుతాడేమోనని స్నేహితులు భయపడి, మరొక భాష కూడా విననివ్వమని పోరారు. ఒకనాడు దెబోరా ఒంటరిగా ఉండి, దిగులుతో, తన చిన్ననాటి రష్యన్ జోలపాట ఒకటి పాడుకొంటూ ఉన్నదట. భర్త లోపలికి వచ్చి విన్నాడు. ఆగ్రహంతో అరచి, బల్లను గుద్ది ముక్కలు చేశాడు. ఆ కలవరంలోనే పిల్లవాని నోట మొదటిమాటలు వెలువడినవని ఆ పిల్లవాడే పెద్దయి తన జీవితకథలో వ్రాశాడు.

ఈ ఘట్టం చదివినప్పుడు మాకు బెన్ యెహూదా మీద భక్తికంటె కోపమే ముందు కలిగింది. మన ఇళ్ళలో పిల్లవాడు తెలుగులో అడిగినదానికి మరాఠీలో బదులు చెప్తే మనం నవ్వి ఊరకుంటాము. అది అలసత్వమైతే కావచ్చును. కాని తల్లి జోలపాటను నిషేధించడం మరొక సంగతి. భాషకోసం ఆయన ఇచ్చినదానికంటె ఆయన ఇంట్లోవాళ్ళచేత ఇప్పించినదే ఎక్కువని మా అభిప్రాయం.

ఇక జెరూసలేము సంగతి. ఆనాడు అది తురుష్కుల ఏలుబడిలో ఉన్నది. అక్కడి యూదులలో ఎక్కువమంది ప్రార్థనలకూ చదువులకూ జీవితం అంకితం చేసి, హలుక్కా అనే విదేశపు చందాలమీద కాలక్షేపం చేసేవారు. వారి మనస్సు గెలవాలని బెన్ యెహూదా మొదట గడ్డం పెంచి, వారివలె దుస్తులు ధరించి, ఆచారాలన్నీ పాటించాడు. దెబోరా తలమీద గుడ్డ కప్పుకొన్నది. హవత్సెలెత్ అనే పత్రికలో పనిచేశాడు. అలియాన్సు సంస్థవారి బడిలో హీబ్రూను హీబ్రూలోనే బోధించాడు. ఆ ఏర్పాటు చేసిన ఘనత ప్రధానోపాధ్యాయుడు నిస్సిం బెహార్‌ది. 1884 నుండి హత్స్వీ అనే సొంత పత్రిక నడిపాడు. అందులో హలుక్కా చందాల పంపకాన్ని ఘాటుగా విమర్శించడంతో ఆచారపరులకు ఒళ్ళు మండింది. కొంతకాలానికి ఈయనకూ ఆ వేషంమీద విసుగుపుట్టి వదలిపెట్టాడు.

భాషమీద మాత్రమే కోపం వచ్చిందని చెప్తే అది పూర్తి నిజం కాదు. చందాల తగవూ, ఈయన నోటిదురుసూ కూడా అందులో కలిశాయి. అయినా భాష విషయంలో వారి బాధ మనం అర్థం చేసుకోవలసినదే. పెళ్ళిమంత్రాల భాషలో ఎవరైనా కూరగాయల బేరమాడితే మన తాతలకు ఎట్లుండేదో ఊహించుకోండి. ఒక్క ఉదాహరణ చెప్తాము. యెహెజ్కేలు ప్రవక్తకు దర్శనమైన దైవసింహాసనం చుట్టూ ప్రకాశించిన వెలుగును బైబిలు హష్మల్ అన్నది. ఆ మాట మర్మం గ్రహించిన ఒక బాలుణ్ణి అందులోంచి వెలువడిన అగ్ని దహించినదని తాల్ముదులో కథ ఉన్నది. 19వ శతాబ్దంలో యెహూదా లైబ్ గోర్డన్ అనే కవి ఆ మాటను విద్యుచ్ఛక్తికి వాడాడు; అదే స్థిరపడింది. ఇప్పుడు ఇస్రాయేలులో కరెంటు బిల్లుమీద ఉండేది ఆ మాటే. చదువుకున్న ఆస్తికుడికి అది గుండెలో ముల్లు కాదా?

దెబోరా భర్త దగ్గరనుండి సోకిన క్షయతోనే 1891లో చనిపోయింది. ఆమె పోయిన కొద్ది దినాలలోనే ముగ్గురు పిల్లలు కంఠసర్పి వ్యాధితో పోయారు. ఇద్దరు మిగిలారు. తన చెల్లెలిని చేసుకొమ్మని దెబోరాయే కోరినదంటారు. ఆ చెల్లెలు, చదువుకొన్న పిల్ల, బావ రోగం తెలిసికూడా 1892లో వచ్చి ఆయనను పెళ్ళాడి, హెమ్దా అని హీబ్రూ పేరు పెట్టుకొన్నది. హీబ్రూ నేర్చుకొని పత్రికలో వ్రాసినది. నిఘంటువుకు డబ్బు కూడబెట్టినది కూడా ఆమెయే.

1893 డిసెంబరులో, హనుక్కా పండుగ సందర్భంగా, మామగారైన యోనస్ పత్రికలో ఒక వ్యాసం వ్రాశాడు. అందులో బలం కూడదీసుకొని ముందుకు సాగుదామన్న అర్థంలో ఒక వాక్యం ఉన్నది. హయిల్ అన్న హీబ్రూమాటకు బలమనీ అర్థమే, సైన్యమనీ అర్థమే. కదీమా అంటే ముందుకు అనీ, తూర్పుకు అనీ. సైన్యం కూర్చి తూర్పుకు నడుద్దామని వ్రాశారంటూ విరోధులు తురుష్క ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. బెన్ యెహూదా ఖైదు చెయ్యబడ్డాడు. ఏడాది శిక్ష పడింది. అప్పీలుమీద విడుదలయ్యాడుగాని పత్రిక చాలాకాలం మూతపడింది. ఆచారపరులు ఆయనను హేరెం చేశారు. మన భాషలో చెప్పాలంటే వెలివేశారు.

ఈ మనస్తాపాలన్నిటి మధ్యా ఆయన పుస్తకాలు తిరగవేస్తూ మాటలు ఏరుకొంటూనే ఉన్నాడు. పద్ధతి ఇది: కావలసిన మాట బైబిలులో, తాల్ముదులో, పాతకవిత్వంలో ఎక్కడైనా ఉన్నదేమో చూడాలి. లేకపోతే ఉన్న ధాతువునుండి చెయ్యాలి. అదీ కుదరకపోతే తోబుట్టువైన అరబ్బీనుండి తెచ్చుకోవాలి. నిఘంటువుకు పూర్వం మాటల పుస్తకం అనే అర్థంలో రెండుమాటలు వాడేవారు. ఈయన మిల్లా, అంటే మాట, అన్నదానినుండి మిల్లోన్ అని ఒకే పదం చేశాడు. కాలమనే అర్థంగల ఏత్ నుండి వార్తాపత్రికకు ఇత్తోన్ అన్నాడు. మంచుకు సంబంధించిన పాతమాటనుండి ఐస్‌క్రీముకు గ్లీదా వచ్చింది. అన్నీ నిలవలేదు. టెలిఫోనుకు దూరపుసంభాషణ అన్న అర్థంలో చేసిన పదం ఎవరూ వాడలేదు. టమాటోకు పీనెస్ అనే పండితుడు అగ్వనియా అన్నాడు. దానిలో కామవాంఛ అర్థం ధ్వనిస్తున్నదని బెన్ యెహూదాకు నచ్చక, అరబ్బీనుండి బదూరా అని తెచ్చాడు. జనం అగ్వనియానే తిన్నారు! పవిత్రభాషలో అశ్లీలం తగదన్న మైమోనిడీసు మాట, ఆచారం వదలుకొన్న ఈయన గుండెలో కూడా ఎక్కడో మిగిలి ఉన్నదన్నమాట.

మా ఉద్యోగధర్మంగా ఇంకొక మాట. జాఫా నుండి జెరూసలేముకు మీటరుగేజి రైలు 1892లో పడింది. రైలుకు హీబ్రూలో రకెవెత్ అన్న పేరు స్థిరపడింది. బైబిలులో రథమనే అర్థంగల మాటకు బంధువే అది.

ఒక్కడే భాషను బ్రతికించాడని చెప్పడం మిగతావారికి అన్యాయం. రిషోన్ లెసియోన్‌లో 1886లోనే హీబ్రూ బడి వెలసింది. రష్యానుండి వచ్చిన ఉపాధ్యాయులూ, పల్లెల్లోని తల్లులూ ఈ పనికి నడుం కట్టారు. 1890లో బెన్ యెహూదా మొదలైనవారు భాషాసంఘం ఏర్పరచారు. 1953 నుండి అదే హీబ్రూ అకాడమీ. హైఫాలో పెట్టబోయే సాంకేతిక కళాశాలలో బోధన జర్మనులో అన్నప్పుడు 1913లో ఉపాధ్యాయులూ, విద్యార్థులూ సమ్మెచేసి హీబ్రూనే నిలబెట్టుకొన్నారు. 1916–18 నాటి గణనలో సుమారు 34 వేలమంది తమ భాష హీబ్రూ అని వ్రాయించుకొన్నారు. ఒక ఇంట్లో మొదలైనది ముప్పయి అయిదు సంవత్సరాలకు అంతమంది.

మొదటి ప్రపంచయుద్ధంలో కుటుంబం అమెరికాకు వెళ్ళి, 1919లో తిరిగివచ్చింది. 1922లో బ్రిటిషువారి అధికారపత్రం ఇంగ్లీషు, అరబ్బీలతోపాటు హీబ్రూను కూడా పాలస్తీనా అధికారభాషగా ఒప్పుకొన్నది. అదే ఏడు డిసెంబరు 16న, తన 64వ ఏట, ఆయన జెరూసలేములో కన్నుమూశాడు. ఏ క్షయవల్ల ఇరవైయేండ్లనాడే పోతాడనుకొన్నారో ఆ క్షయతోనే. చివరిసారి బల్లవద్ద కూర్చున్నప్పుడు ఆయన ముందున్న మాట నెఫెష్, అంటే ప్రాణం, అని చెప్పుకొంటారు. వేలమంది వెంట నడిచారు. ఆలివుకొండమీద సమాధి చేశారు.

తగవు మాత్రం ఆయనతో పోలేదు. 1926లో గెర్షోం షోలెం అనే పండితుడు జెరూసలేమునుండి జర్మనీలోని తత్త్వవేత్త రోజెన్‌జ్వైగ్‌కు ఉత్తరం వ్రాస్తూ, దేవుని పేరు నిండిన మాటలను బజారులో వాడుకొంటున్నామనీ, వాటిలో నిద్రపోతున్న శక్తి ఒకనాడు మేలుకొని మన పిల్లల మీద తిరగబడుతుందనీ భయపడ్డాడు. ఆయన ఆచారపరుడు కాదు. హీబ్రూ కావాలనే జెరూసలేము చేరినవాడు. మేయా షెయారీం పేటలో కొన్ని కుటుంబాలు నేటికీ ఇంట్లో ఇద్దిషే మాట్లాడి, పవిత్రభాషను పారాయణకే అట్టేపెట్టుకొన్నాయి.

బెన్ యెహూదా నిఘంటువు తొలి సంపుటం 1908లో బెర్లినులో అచ్చయింది. ఆయన బ్రతికి ఉండగా కొన్ని సంపుటాలే వచ్చాయి. మిగిలిన కాగితాలన్నీ హెమ్దా, కుమారుడు ఎహూద్ కాపాడి, పండితులను కూర్చి అచ్చువేయించారు. హెమ్దా 1951లో పోయింది. 17 సంపుటాలూ పూర్తి అయినది 1959లో.